ఐ9 ఓవర్‌క్లాక్ చేశాక క్లాక్ పడిపోతోందా? ఏ లిమిట్ తగులుతోందో కనిపెట్టి సరిచేయడం ఎలా

"ఐ9 కొన్నాను, జెడ్790 బోర్డు, 360 లిక్విడ్ కూలర్ పెట్టాను, బయోస్‌లో 5.9 గిగాహెర్ట్జ్ సెట్ చేశాను, సినీబెంచ్ స్టార్ట్ చేయగానే 5.2కి పడిపోతోంది, ఏం చేయాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. కొత్తవాళ్లకి: ఐ9 అంటే ఇంటెల్ ప్రాసెసర్ చిప్, జెడ్790 ఒక మదర్‌బోర్డు రకం, బయోస్ అంటే బోర్డు సొంత సెట్టింగ్స్ స్క్రీన్, సినీబెంచ్ అంటే చిప్ మీద ఫుల్ లోడ్ వేసి స్కోరు ఇచ్చే టెస్ట్. చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడు (క్లాక్) కంటే ఎక్కువలో నడపడం ఓవర్‌క్లాక్, ఏదో లిమిట్ తగిలి క్లాక్ పడిపోవడం థ్రాట్లింగ్. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు, ఎందుకంటే పవర్ లిమిట్ తగిలినా, చిప్ వేడెక్కినా, కరెంట్ లిమిట్ తగిలినా, బోర్డు మీద వీఆర్ఎం (చిప్‌కి వోల్టేజ్ అందించే భాగం) వేడెక్కినా మీకు బయటికి కనిపించేది ఒకటే, క్లాక్ తగ్గడం. కారణం తెలీకుండా చాలామంది నేరుగా బయోస్‌లోకెళ్లి పవర్ లిమిట్లన్నీ 4095 వాట్లు, అంటే లిమిట్ లేనట్టే, పెట్టేస్తారు. అసలు సమస్య వేడి అయితే దాంతో ఇంకా ముదురుతుంది తప్ప తగ్గదు. ఏ లిమిట్ తగులుతోందో ముందు చూడాలి, తర్వాత దాన్ని ఒక్కదాన్నే ముట్టుకోవాలి. కింద రాసిందంతా ఈ వరసలోనే ఉంటుంది.

ఉదాహరణకి కోర్ ఐ9-14900కె తీసుకుంటున్నా. 13900కె వాళ్లకి కూడా దాదాపు ఇదే వర్తిస్తుంది. ఏఎండీ వాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను.

ముట్టుకునే ముందు ఒక హెచ్చరిక

13, 14వ జనరేషన్ ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో ఎక్కువ వోల్టేజ్ వల్ల చిప్ నెమ్మదిగా పాడైపోయే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టు 2024లో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే, చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చి చిప్ అడిగే వోల్టేజ్ 1.55 వోల్ట్‌లు దాటకుండా ఆపింది, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి, 2025లో 0ఎక్స్12ఎఫ్ వచ్చాయి. బాక్స్‌తో కొన్న చిప్‌లకి వారంటీ ఇంకో 2 ఏళ్లు పెంచి మొత్తం 5 ఏళ్లు చేశారు. మీ బయోస్ 2024 ఆగస్టు కంటే ముందుదైతే ఓవర్‌క్లాక్ మాట పక్కన పెట్టి ముందు బయోస్ అప్‌డేట్ చేస్కోండి. ఇంకో విషయం, ఇప్పటికే పాడైన చిప్‌ని ఏ మైక్రోకోడూ బాగు చేయలేదు. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లోనే గేమ్‌లు క్రాష్ అవుతుంటే, అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లో షేడర్లు కంపైల్ అవుతున్నప్పుడు వీడియో మెమరీ సరిపోలేదని ఎర్రర్ వస్తుంటే (గ్రాఫిక్స్ కార్డులో మెమరీ బోలెడు ఖాళీ ఉన్నా సరే), గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంటే అది థ్రాట్లింగ్ సమస్య కాదు. ఈ స్టెప్పులు మీకు పనికిరావు, వారంటీలో ఇవ్వండి.

కావాల్సినవి

- హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో64, సెన్సర్ల రీడింగులు చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్. మొత్తం పని దీని మీదే నడుస్తుంది.
- సినీబెంచ్ ఆర్23, పది నిమిషాల లూప్ ఉన్నది.
- వై-క్రంచర్ గానీ ఓసీసీటీ గానీ, చివర్లో స్టెబిలిటీ చూడ్డానికి.
- బయోస్ ఫైల్ పెట్టుకోవడానికి ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్.
- ఒక నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌తో బయోస్ స్క్రీన్ ఫోటోలు తీసుకున్నా సరే. ఏం మార్చారో రాసుకోకపోతే మూడో రోజుకి ఏది ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు.
- గది ఎంత వేడిగా ఉందో చెప్పే చిన్న థర్మామీటర్. దీన్ని అనవసరం అనుకోకండి, ఎందుకో స్టెప్ 5లో చెప్తా.

బోర్డు గురించి ఒక మాట. బీ760 బోర్డులో పేరు చివర కె ఉన్న చిప్ పెట్టుకున్నా కోర్ రేషియో (క్లాక్‌ని నిర్ణయించే నంబర్, 58 అంటే 5.8 గిగాహెర్ట్జ్) పెంచడం కుదరదు, అది జెడ్ సిరీస్‌లోనే. కానీ పవర్ లిమిట్లు, మెమరీ మార్చుకోవచ్చు కాబట్టి థ్రాట్లింగ్ వరకు ఈ గైడ్ వాళ్లకీ పనికొస్తుంది.

స్టెప్ 1: అంతా డిఫాల్ట్‌కి తెచ్చుకోండి

బయోస్ అప్‌డేట్ చేసి, ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ లోడ్ చేసి, అందులో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ అనే ప్రొఫైల్ ఎంచుకోండి. మెమరీని ఎక్కువ స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ కూడా ఇప్పుడే ఆన్ చేయకండి. "నా బోర్డు అప్‌డేట్ అయింది కదా" అని వదిలేయకుండా హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో మెయిన్ విండోలో ఎంసీయూ అనే చోట మైక్రోకోడ్ నంబర్ చూస్కోండి, అక్కడ 12బి గానీ 12ఎఫ్ గానీ ఉండాలి.

అసూస్ సాఫ్ట్‌వేర్, ఎంఎస్ఐ సెంటర్, ఇంటెల్ ఎక్స్‌టీయూ లాంటివి ఉంటే తీసేయండి, కనీసం స్టార్టప్‌లో రాకుండా ఆపండి. బయోస్‌లో మీరు పవర్ లిమిట్ 253 వాట్లు పెట్టినా విండోస్ లోడ్ అయ్యాక ఇవి వచ్చి పాత ప్రొఫైల్‌ని మళ్లీ రుద్దేస్తాయి. "బయోస్‌లో మారుస్తున్నా ఏమీ మారట్లేదు" అనే కంప్లైంట్లలో చాలావాటికి కారణం ఇదే.

స్టెప్ 2: హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ఏం చూడాలో సెట్ చేస్కోండి

సెన్సర్స్ ఓన్లీ మోడ్‌లో తెరిస్తే వందల లైన్లు వస్తాయి, భయపడకండి. కావాల్సినవి ఇవే:

- కోర్ క్లాక్, కోర్ ఎఫెక్టివ్ క్లాక్. రెండూ వేరు. మొదటిది చిప్ చెప్పుకునే స్పీడు, రెండోది నిజంగా జరిగిన పని.
- సీపీయూ ప్యాకేజ్ టెంపరేచర్, ప్యాకేజ్ పవర్.
- వీకోర్ (చిప్‌కి అందే వోల్టేజ్), కోర్ వీఐడీ (చిప్ అడిగే వోల్టేజ్).
- పీఎల్1, పీఎల్2 పవర్ లిమిట్ లైన్లు (వీటి అర్థం స్టెప్ 4లో). వీటిలో స్టాటిక్, డైనమిక్ అని రెండు రకాలుంటాయి. బయోస్‌లో పెట్టింది నిజంగా పడిందో లేదో ఇక్కడే తెలుస్తుంది.
- పెర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్ అనే గ్రూపు. మనకి కావాల్సిన జవాబు ఇందులోనే ఉంది.
- వీఆర్ఎం టెంపరేచర్, మాస్ అనో వీఆర్ఎం అనో ఉంటుంది.

ఒకేసారి రెండు మూడు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లు నడపకండి, ఒకే సెన్సర్‌ని అన్నీ చదవబోయి తప్పు నంబర్లు చూపిస్తాయి.

స్టెప్ 3: మొదటి రన్

గదిలో వేడెంతో రాసుకోండి. పీసీ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి. సినీబెంచ్ పది నిమిషాల లూప్ స్టార్ట్ చేసి, హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో కింద గడియారం బొమ్మ నొక్కి పాత మినిమం, మాక్సిమం అన్నీ రీసెట్ చేయండి. ఇది మర్చిపోతే బూట్ అయినప్పుడు అర సెకను తగిలిన లిమిట్ కూడా ఎస్ (Yes, అంటే తగిలింది) అని చూపిస్తూనే ఉంటుంది, మీరు దాని వెనకాల పడి రోజంతా పోగొట్టుకుంటారు.

పది నిమిషాలు ఎందుకంటే లిక్విడ్ కూలర్‌లో నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది. మొదటి నిమిషంలో 82 డిగ్రీలు చూసి "నా కూలింగ్ సూపర్" అనుకున్నవాళ్లకి ఎనిమిదో నిమిషంలో 97 కనిపిస్తుంది. ఒక్క రన్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టేసేవాళ్ల నంబర్లతో మీ నంబర్లు పోల్చుకోకండి.

రన్ ఆగకముందే, లోడ్ మీద ఉండగానే, కరెంట్ (ఇప్పటి రీడింగ్) కాలమ్‌లో ఉన్నవి రాసుకోండి: పీ కోర్ల (స్పీడు ఎక్కువున్న పెద్ద కోర్లు) ఎఫెక్టివ్ క్లాక్, ప్యాకేజ్ పవర్, టెంపరేచర్, వీకోర్, లిమిట్ రీజన్స్‌లో ఎస్ అని ఉన్నవి. తర్వాత స్కోరు.

స్టెప్ 4: ఏ లిమిట్ తగిలింది?

ఇక్కడ తొందరపడకండి, మిగతా స్టెప్పులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

*పీఎల్1 లేదా పీఎల్2 ఎస్ అని ఉంటే* అది పవర్ లిమిట్. 14900కె బేస్ పవర్ 125 వాట్లు, మాక్సిమం టర్బో పవర్ 253 వాట్లు. పీఎల్2 అంటే కాసేపు వాడుకోవచ్చనే హద్దు, పీఎల్1 అంటే ఎంతసేపైనా ఉండగలిగే హద్దు, ఆ "కాసేపు" ఎంతన్నది టావ్ అనే టైం చెప్తుంది, మామూలుగా అది 56 సెకన్లు. కాబట్టి మొదట్లో 253 వాట్లు తీసుకుని ఒక నిమిషం చుట్టుపక్కల సడన్‌గా 125కి పడిపోతే మీ పీఎల్1 125లో ఉందని అర్థం. మొదటి నుంచీ 253 దగ్గరే గోడ కట్టినట్టు ఆగిపోయి క్లాక్ 5.2, 5.3 మధ్య ఆడుతుంటే పీఎల్1, పీఎల్2 రెండూ 253లో ఉన్నాయి. ఈ రెండోది తప్పేమీ కాదు, చిప్ తన స్పెసిఫికేషన్ ప్రకారమే నడుస్తోంది.

*కోర్ థర్మల్ థ్రాట్లింగ్ గానీ, ప్యాకేజ్ థర్మల్ థ్రాట్లింగ్ గానీ ఎస్ అని ఉంటే* వేడి. ఈ చిప్‌కి హద్దు 100 డిగ్రీలు. ప్యాకేజ్ పవర్ 253కి చేరకముందే, ఏ 225 దగ్గరో 100 తగిలేస్తుంటే పవర్ లిమిట్ పెంచి లాభం లేదు, నేరుగా స్టెప్ 5కి వెళ్లండి.

*ఎలక్ట్రికల్ డిజైన్ పాయింట్ అనే లైన్ ఎస్ అని ఉంటే* కరెంట్ లిమిట్, అంటే ఐసీసీమాక్స్. ఇంటెల్ పెర్ఫార్మెన్స్ ప్రొఫైల్‌లో ఇది 307 ఆంప్స్, ఎక్స్‌ట్రీమ్ ప్రొఫైల్‌లో 400. పవర్ 253 కంటే కింద ఉండి, టెంపరేచర్ కూడా 100 లోపే ఉండి, అయినా క్లాక్ తగ్గుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పవర్ లిమిట్లు 4095 పెట్టినా మార్పు లేదని వాపోయేవాళ్లలో చాలామందికి ఇదే తగులుతుంటుంది.

*వీఆర్ థర్మల్ అలర్ట్ లేదా ప్రోక్‌హాట్ ఎస్ అని ఉంటే* సమస్య చిప్‌ది కాకపోవచ్చు. వీఆర్ఎం వేడెక్కి బోర్డే చిప్‌కి ఆగమని సిగ్నల్ పంపిస్తోంది. క్లాక్ ఒక్కసారిగా 800 మెగాహెర్ట్జ్‌కి పడిపోయి అక్కడే ఇరుక్కుంటే దాదాపు ఎప్పుడూ ఇదే రకం.

*మాక్స్ టర్బో లిమిట్ ఎస్ అని ఉంటే* ఏమీ కంగారుపడకండి. మీరు సెట్ చేసిన రేషియోకి చిప్ చేరుకుంది, అంతకంటే పైకి వెళ్లడానికి అనుమతి లేదు, దాని అర్థం అంతే. దీన్ని చూసి థ్రాట్లింగ్ అనుకుని బయోస్ అంతా కెలికేవాళ్లు చాలామంది ఉన్నారు.

*ఏ లైనూ ఎస్ చూపించకుండా* క్లాక్ 3.2 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమం ప్రాసెసర్ స్టేట్ చూడండి. అక్కడ 99 శాతం ఉంటే టర్బో మొత్తం ఆగిపోతుంది, 100 పెట్టండి. క్లాక్ బాగానే కనిపిస్తూ స్కోరు మాత్రం తక్కువొస్తుంటే స్టెప్ 7 చూడండి.

రెండు లిమిట్లు ఒకేసారి ఎస్ అని ఉండొచ్చు. అప్పుడు వేడిని ముందు సరిచేయండి, పవర్ తర్వాత. ఈ వరస తిరగేస్తే చేసిన పనే మళ్లీ చేయాల్సొస్తుంది.

స్టెప్ 5: వేడి తగ్గించడం

వోల్టేజ్ జోలికి వెళ్లకముందు చేత్తో చూడాల్సినవి చూడండి. కూలర్ కింద రాగి ప్లేటుకి అంటించి ఇచ్చే ప్లాస్టిక్ కాగితం తీశారా? ఇది నవ్వులాట కాదు, మర్చిపోయేవాళ్లు నిజంగానే ఉన్నారు. పంపు కనెక్టర్ ఏఐఓ పంప్ హెడర్‌లో ఉందా, ఫుల్ స్పీడులో తిరుగుతోందా? సీపీయూ ఫ్యాన్ హెడర్‌లో గుచ్చి సైలెంట్ కర్వ్ పెడితే పంపు సగం స్పీడులోనే తిరుగుతుంది. పేస్ట్ అంచుల దాకా పరుచుకుందో లేదో ఒకసారి విప్పి చూడండి, విప్పాక పాత పేస్ట్ తుడిచేసి కొత్తది వేయాల్సిందే.

ఈ చిప్‌లు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో ఇంకో చిక్కుంది. చిప్‌ని పట్టుకునే లివర్ మధ్యలో గట్టిగా నొక్కడం వల్ల చిప్ మూత కొంచెం వంగి, కూలర్ సరిగ్గా ఆనదు. దీనికి కాంటాక్ట్ ఫ్రేమ్ అని అమ్ముతారు, వేస్తే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. కానీ స్క్రూలు మరీ బిగిస్తే ఒక మెమరీ చానల్ కనిపించకుండా పోవడం, బూట్ అవ్వకపోవడం లాంటివి జరుగుతాయి, వారంటీ విషయంలోనూ ఇబ్బంది రావచ్చు. మొదటిసారి చేసేవాళ్లు తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి.

ఇక గది సంగతి. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ మీద కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతాయి. డిసెంబర్ రాత్రి 22 డిగ్రీల్లో 86 చూపించిన సెటప్పు, మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 38 ఉన్నప్పుడు 100 కొట్టేస్తుంది, మీరు ఒక్క సెట్టింగూ మార్చకుండానే. "మొన్నటిదాకా బానే ఉంది, ఇప్పుడే థ్రాటిల్ అవుతోంది" అనే మెసేజ్‌లు ఎండాకాలం మొదలవగానే వస్తాయి. అందుకే చలికాలంలో టెస్ట్ చేస్తే చలికాలానికీ ఎండాకాలానికీ మీ గది వేడిలో ఎంత తేడా ఉంటుందో కనీసం అన్ని డిగ్రీలకంటే ఎక్కువ మిగిలేలా సెట్ చేస్కోండి, లేదంటే వేసవికి వేరే బయోస్ ప్రొఫైల్ సేవ్ చేసి పెట్టుకోండి. క్యాబినెట్‌ని టేబుల్ అరలోకి తోసేసి వెనకాల గోడకి ఆనించడం, ముందు జాలీకి దుమ్ము పట్టి ఉండడం, ఇవి కూడా ఇందులో లెక్కే. ఒకసారి పక్క డోరు తీసేసి అదే టెస్ట్ నడపండి. ఐదు ఆరు డిగ్రీలు తగ్గిపోతే సమస్య కూలర్‌లో లేదు, గాలి ఆడట్లేదు.

స్టెప్ 6: పవర్ లిమిట్లు మార్చడం

వేడి అదుపులోకి వచ్చాకే ఇది. బోర్డుల్లో పేర్లు ఇలా ఉంటాయి:

- అసూస్: ఏఐ ట్వీకర్‌లో ఇంటర్నల్ సీపీయూ పవర్ మేనేజ్‌మెంట్. లాంగ్ డ్యూరేషన్ అంటే పీఎల్1, షార్ట్ డ్యూరేషన్ అంటే పీఎల్2.
- ఎంఎస్ఐ: ఓసీ మెనూలో సీపీయూ కూలర్ ట్యూనింగ్ అని ఉంటుంది. అక్కడ వాటర్ కూలర్ అని ఎంచుకుంటే అది కేవలం కూలర్ పేరు అనుకోకండి, పవర్ లిమిట్ 4096 అయిపోతుంది.
- గిగాబైట్: ట్వీకర్, అడ్వాన్స్‌డ్ సీపీయూ సెట్టింగ్స్, టర్బో పవర్ లిమిట్స్.
- ఎఎస్‌రాక్: లాంగ్ డ్యూరేషన్, షార్ట్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అనే ఉంటాయి.

నా సలహా: పీఎల్1, పీఎల్2 రెండూ 253, ఐసీసీమాక్స్ 307. వీటితో మొదలుపెట్టండి. ఎలక్ట్రికల్ డిజైన్ పాయింట్ తగులుతుంటే, మీ బోర్డు వీఆర్ఎం బలంగా ఉంటేనే ఐసీసీమాక్స్‌ని 400 దాకా తీసుకెళ్లండి, అది దాటించకండి. 511 పెట్టి వదిలేయమని చెప్పేవాళ్ల మాట వినకండి, చిప్‌ని కాపాడే చివరి అడ్డు తీసేసినట్టే. 253 దాటి 280, 300 వాట్లు ఇస్తే స్కోరు పెరిగేది చాలా తక్కువ, వేడి మాత్రం బాగా పెరుగుతుంది. రెండరింగ్ పనే బతుకుతెరువు అయినవాళ్లు, మంచి కస్టమ్ లూప్ ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లకి ఆ పైకి వెళ్లడం వల్ల లాభం లేదని నేను గట్టిగా చెప్తా.

సేవ్ చేసి విండోస్‌లోకి వచ్చాక హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో పీఎల్1 డైనమిక్ లైన్ చూడండి. 253 అని ఉంటే పడింది. వేరే నంబర్ ఉంటే ఏదో సాఫ్ట్‌వేర్ మధ్యలో దూరింది, స్టెప్ 1కి వెనక్కి వెళ్లండి.

*కరెంటు, యూపీఎస్ గురించి:* థ్రాట్లింగ్ అయితే క్లాక్ తగ్గుతుంది, పీసీ మాత్రం ఆగిపోదు. పీసీ టక్కున ఆఫ్ అయిపోతుంటే పవర్ సప్లైనో యూపీఎస్‌నో చూడాలి. మన ఇళ్లల్లో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు మామూలుగా 360 వాట్ల దాకానే మోస్తాయి. సీపీయూ ఒక్కటే 253, పైన గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపితే ఎప్పుడో దాటిపోయింది, కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా ఆగిపోతుంది. బోర్డు పైన ఎడమ మూలలో ఉండే రెండు 8 పిన్ సీపీయూ కనెక్టర్లూ గుచ్చారో లేదో చూడండి. ఒక్కటే గుచ్చినా బూట్ అవుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు, కానీ ఈ వాట్లకి రెండూ కావాలి.

స్టెప్ 7: వోల్టేజ్ తగ్గించడం

ఈ చిప్‌లో అసలు ఓవర్‌క్లాకింగ్ అంటే ఇదేనని నేను నమ్ముతా. పవర్ వోల్టేజ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. అదే క్లాక్‌కి 1.40 వోల్ట్ బదులు 1.25 సరిపోతే పవర్ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. అంటే అదే 253 వాట్ల లోపల చిప్ ఇంకా ఎక్కువ క్లాక్‌లో నడవగలదు. రేషియో ఒక్క నంబర్ కూడా పెంచకుండానే 5.2 దగ్గర ఆగిపోయేది 5.5కి వెళ్లొచ్చు.

1. వోల్టేజ్ మోడ్ ఆఫ్‌సెట్ గానీ అడాప్టివ్ గానీ పెట్టండి. మాన్యువల్ వద్దు. మాన్యువల్‌లో 1.35 అని పెడితే పీసీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంతే వోల్టేజ్ పోతుంది. ఎస్‌వీఐడీ (చిప్ తనకి కావాల్సిన వోల్టేజ్‌ని బోర్డుకి చెప్పే దారి) కూడా ఆఫ్ చేయకండి, ఆఫ్ చేస్తే చిప్ అడిగే వోల్టేజ్‌ని బోర్డు పట్టించుకోదు, ఇక 1.55 హద్దు ఉండీ మీకు ఉపయోగం లేదు.
2. ఆఫ్‌సెట్ (చిప్ అడిగే వోల్టేజ్‌కి కలిపేది లేదా తీసేసేది) మైనస్ 0.030 వోల్ట్‌తో మొదలుపెట్టండి. ప్లస్ కాదు మైనస్, గుర్తు సరిచూసుకున్నాకే సేవ్ చేయండి.
3. సినీబెంచ్ పది నిమిషాలు. బాగుంటే మైనస్ 0.050, తర్వాత 0.060, 0.070 అలా. కొన్ని చిప్‌లు 0.05 దగ్గరే ఆగిపోతాయి, కొన్ని 0.1 దాకా వెళ్తాయి. పక్కవాడి చిప్‌కి వచ్చింది మీకూ రావాలని లేదు.
4. క్రాష్ అయినా, ఎర్రర్ వచ్చినా 0.020 వెనక్కి రండి. చివరిగా పాసైన నంబర్ దగ్గరే ఆగిపోకండి, కొంచెం మార్జిన్ ఉంచుకోండి.

బోర్డులో ఐఏ వీఆర్ వోల్టేజ్ లిమిట్ అని ఉంటే అక్కడ 1400 మిల్లీవోల్ట్‌లు పెట్టుకోవచ్చు. ఒకటి రెండు కోర్లు 6 గిగాహెర్ట్జ్‌కి వెళ్లేటప్పుడు వోల్టేజ్ ఎగబాకకుండా ఆపుతుంది. సింగిల్ కోర్ స్పీడు కొంచెం తగ్గుతుంది, చిప్ ఆయుష్షు కోసం అది నాకు ఇబ్బంది లేదు.

*ఇక్కడ అందరూ పడే గొయ్యి:* వోల్టేజ్ తగ్గించాక క్లాక్ 5.7 అని చూపిస్తుంది, టెంపరేచర్ తగ్గింది, పవర్ తగ్గింది, క్రాష్ లేదు, అంతా బ్రహ్మాండం అనుకుంటారు. స్కోరు చూస్తే 37 వేల నుంచి 31 వేలకి పడిపోయి ఉంటుంది. దీన్నే క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. సీఈపీ అనే రక్షణ, వోల్టేజ్ తను అనుకున్నదానికంటే తక్కువగా ఉందని చూసి, పైకి 5.7 చూపిస్తూనే లోపల పని నెమ్మది చేస్తుంది. పట్టుకోవడం ఎలాగంటే కోర్ క్లాక్ పక్కన ఎఫెక్టివ్ క్లాక్ పెట్టి చూడండి. ఫుల్ లోడ్‌లో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. 5700 పక్కన 4900 కనిపిస్తే స్ట్రెచ్ అవుతోంది. అప్పుడు మైనస్ ఆఫ్‌సెట్‌ని సున్నా వైపు వెనక్కి తెచ్చుకోండి. జెడ్ బోర్డుల్లో ఐఏ సీఈపీ ఆఫ్ చేసే ఆప్షన్ చాలావాటికి ఉంది, ఆఫ్ చేస్తే స్కోరు వెనక్కి వస్తుంది, కానీ అప్పుడు వోల్టేజ్ నిజంగా సరిపోకపోతే చిప్ నెమ్మదించదు, నేరుగా క్రాష్ అవుతుంది. ఆఫ్ చేసినవాళ్లు స్టెప్ 9లో టెస్టులు డబుల్ టైం నడపాలి.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ ఎంత దిగాలో చెప్పే సెట్టింగ్) జోలికి వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. అసూస్‌లో లెవెల్ 8 అంటే అన్నిటికంటే గట్టిది, ఎంఎస్ఐలో మోడ్ 1 గట్టిది, ఎఎస్‌రాక్‌లోనూ లెవెల్ 1 గట్టిది. ఒక బోర్డు వీడియో చూసి ఇంకో బోర్డులో అదే నంబర్ పెడితే ఫలితం పూర్తిగా తిరగబడుతుంది. ఎందులోనైనా చివరి గట్టి లెవెల్ వాడకండి, లోడ్ ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజ్ పైకి ఎగురుతుంది. ఇంకా ఒకటి, ఏసీ, డీసీ లోడ్‌లైన్ నంబర్లు మీ లెవెల్‌తో సరిపోకపోతే ప్యాకేజ్ పవర్ రీడింగే తప్పు చూపిస్తుంది. "నా 14900కె 190 వాట్లకే 40 వేల స్కోరు ఇస్తోంది" అని ఎవరైనా అంటే ముందు ఇది అనుమానించండి.

స్టెప్ 8: ఇప్పుడు క్లాక్ పెంచండి

ఇక్కడిదాకా వచ్చి లిమిట్ రీజన్స్‌లో మాక్స్ టర్బో లిమిట్ ఒక్కటే కనిపిస్తుంటే రేషియో పెంచడానికి మీకు చోటుంది. పీఎల్2 ఇంకా తగులుతుంటే చోటు లేదు, రేషియో 58 పెట్టినా చిప్ అక్కడికి వెళ్లదు, కాగితం మీద నంబర్ మారుతుంది అంతే.

చోటుంటే పీ కోర్లని ఒక్కో రేషియో, ఈ-కోర్లని (ఎఫిషియెన్సీ కోర్లు, చిన్నవి) 44 నుంచి 45కి పెంచండి. ఒకసారి ఒకటే మార్చండి. 6.0 దాటించి 6.2 కోసం ప్రయత్నించడం ఈ చిప్‌లో నేను ఎవరికీ చెప్పను, దానికి కావాల్సిన వోల్టేజే ఈ చిప్‌లని పాడుచేసింది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలంటే అన్నీ స్టేబుల్ అయ్యాక చివర్లో చేయండి, లేకపోతే క్రాష్ అయినప్పుడు తప్పు కోర్‌దో మెమరీదో తెలీదు.

స్టెప్ 9: పని అయిందో లేదో చూడటం

- సినీబెంచ్ ఆర్23 అరగంట. 253 వాట్లలో 14900కె సుమారుగా 36 వేల నుంచి 39 వేల మధ్య ఇవ్వాలి. చివరి రన్ స్కోరు మొదటిదానికి దగ్గరగా ఉండాలి, నెమ్మదిగా జారిపోతుంటే నీళ్లు వేడెక్కి మళ్లీ థ్రాటిల్ అవుతోంది.
- వై-క్రంచర్ లేదా ఓసీసీటీ ఒక గంట. సినీబెంచ్ పాసై ఇక్కడ ఫెయిల్ అయ్యేవి చాలా ఉంటాయి. ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీతో కూలర్‌ని కొలవకండి, నిజంగా మీరు చేసే ఏ పనీ చిప్‌ని అంత వేడెక్కించదు.
- హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో అడుగున విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్స్ లైన్ సున్నా ఉండాలి. ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో 19 నంబర్ హెచ్చరికలు ఉంటే క్రాష్ కాకపోయినా అది స్టేబుల్ కాదు, వోల్టేజ్ కొంచెం పెంచండి.
- ఖాళీగా ఉన్నప్పుడు కూడా చూడండి. లోడ్‌లో బాగుండి, యూట్యూబ్ చూస్తుంటేనో స్లీప్ నుంచి లేస్తుంటేనో ఫ్రీజ్ అయితే ఆఫ్‌సెట్ తక్కువ క్లాక్‌లకి సరిపోవట్లేదు.
- పెద్ద జిప్ ఫైల్ ఒకటి 7-జిప్‌తో విప్పండి, మీరు ఆడే గేమ్‌లో షేడర్ కంపైల్ మొదటి నుంచి చేయించండి. ఈ రెండూ చిన్న ఎర్రర్లని త్వరగా బయటపెడతాయి.

అన్నీ పాసైతే బయోస్ ప్రొఫైల్ సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు బోర్డులో సేవ్ చేసినవి మామూలుగా పోతాయి.

ఏఎండీ వాళ్లకి

అక్కడ పేర్లు వేరు, పద్ధతి ఇదే. పవర్ లిమిట్‌ని పీపీటీ అంటారు, కరెంట్‌కి టీడీసీ, ఈడీసీ. రైజెన్ 9 7950ఎక్స్‌కి పీపీటీ 230 వాట్లు, టీడీసీ 160 ఆంప్స్, ఈడీసీ 225 ఆంప్స్. ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీలు చూసి భయపడకండి, ఆ చిప్‌ని అలా నడిచేలానే తయారుచేశారు. ఏఎండీ ఇచ్చే రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఏది 100 శాతం కొడుతోందో చూడండి, అదే మీ లిమిట్. వోల్టేజ్ తగ్గించడానికి పీబీఓలో (ఏఎండీ ఓవర్‌క్లాక్ మెనూ) కర్వ్ ఆప్టిమైజర్ నెగటివ్ 10తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, ఎఫెక్టివ్ క్లాక్ చూడటం ఇక్కడా తప్పదు. కొత్త కోర్ అల్ట్రా 9 285కె వాళ్లకి పవర్ 250 వాట్లు, టెంపరేచర్ హద్దు 105 డిగ్రీలు, మిగతా వెతుకులాట పైన రాసినట్టే.

సహాయం అడిగేటప్పుడు "థ్రాటిల్ అవుతోంది" అని ఒక్క లైన్ పెట్టి వదిలేయకండి. బోర్డు పేరు, బయోస్ వెర్షన్, మైక్రోకోడ్ నంబర్, కూలర్, గది టెంపరేచర్, లోడ్ మీద ఉండగా తీసిన లిమిట్ రీజన్స్ స్క్రీన్‌షాట్, పది నిమిషాల స్కోరు, ఇవన్నీ ఒకేసారి పెట్టండి. ఇవి ముందే ఉంటే చూసేవాళ్లు తిరిగి పది ప్రశ్నలు అడగకుండానే ఏ స్టెప్‌కి వెళ్లాలో చెప్పగలరు.